మన ఎముకల సంగతి మూత్రపిండాలకేం తెలుసు?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈ పూట మూత్రపిండాల గురించి మాట్లాడతానంటే కార్యక్రమం చూసే అమ్మాయి "రాళ్ళ గురించాండీ?" అని అడిగింది. రాళ్ళ గురించి కాదమ్మా, ఎముకల గురించీ, కల్లూ బ్రాందీల గురించీ అన్నాను. ఆ అమ్మాయి నా మొహంకేసి చూసింది. మీరూ ఈపాటికి రేడియో కేసి అలాగే చూస్తూ ఉండి ఉంటారు. ఈ మూడింటికీ సంబంధం ఏమిటో చెప్పడానికే వచ్చాను. కాస్త ఓపిక పట్టండి.

మా మేనత్త కథతో మొదలుపెడతాను. ఆవిడది నల్లగొండ వైపు పల్లెటూరు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పొలం పనే. నాట్లు, కలుపు, కోతలు, అన్నీ ఎండలోనే. యాభై నాలుగో ఏట ఒక రోజు పొద్దున్నే వాకిలి ఊడ్చి గడప దిగబోతూ తూలి కూర్చుంది. చూశారూ, దబ్బున పడిపోవడం కూడా కాదు, కూర్చుంది, అంతే. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసిన డాక్టరుగారు "ఎముకలు గుల్లబారి ఉన్నాయమ్మా, డెబ్భై ఏళ్ళ మనిషి ఎముకల్లా ఉన్నాయి" అన్నారు. నేనప్పుడు కాలేజీలో జీవరసాయనం చెబుతున్నాను. ఎండలో ఉంటే విటమిన్ డి వస్తుంది, విటమిన్ డి ఉంటే ఎముక గట్టిగా ఉంటుంది అని ఏటా పిల్లలకి నేర్పేదాన్ని. మరి నలభై ఏళ్ళు ఎండలో ఎండిన మనిషికి ఇదేమిటి? నా పాఠంలో ఎక్కడో ఒక పేజీ చిరిగిపోయి ఉందనిపించింది.

ఆ పేజీ మూత్రపిండంలో ఉంది.

మనం తినే అన్నంతోనే పోల్చి చెబుతాను. చర్మం మీద ఎండ పడితే లోపల తయారయ్యే విటమిన్ డి ఉందే, అది వడ్ల లాంటిది. వడ్లు ఎవరూ తినలేరు. అది రక్తంలో కాలేయానికి వెళ్ళి అక్కడ మరపట్టినట్టు కాస్త మారుతుంది. అప్పుడవి బియ్యం. ఈ బియ్యం నిలవ ఉంటుంది, రక్తంలో రెండు మూడు వారాలైనా తిరుగుతుంది. మనం రక్తపరీక్ష చేయించుకుంటే "మీకు విటమిన్ డి ఇంత ఉంది" అని కాగితం మీద రాసిచ్చేది ఈ బియ్యం లెక్కే. కానీ బియ్యం కూడా పచ్చిగా తినం కదా. వండాలి. ఆ వంటిల్లు ముఖ్యంగా మూత్రపిండం. అక్కడ ఒక ఎంజైము బియ్యాన్ని అన్నంగా మారుస్తుంది. ఆ అన్నాన్నే డాక్టర్లు కాల్సిట్రయాల్ అంటారు. ఇది పేగుల్లోకి వెళ్ళి "తిన్న కాల్షియాన్ని లోపలికి తీసుకోండి" అని చెబుతుంది. వండిన అన్నం మర్నాటికి పనికిరానట్టే ఇదీ నిలవ ఉండదు. కొన్ని గంటల్లో అయిపోతుంది. ఎప్పటికప్పుడు వండుకోవలసిందే.

ఈ వంటిల్లు మూత్రపిండంలో ఉందని తెలిసింది 1970లో. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో ఫ్రేజరు, కోడిచెక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మూత్రపిండాలు తీసేసిన ఎలుకల్లో ఈ ఆఖరి పదార్థం తయారు కావడం లేదని కనిపెట్టారు. మూత్రపిండమంటే వడపోత బట్టలాంటిదనే చాలామంది అనుకుంటారు. మూత్రపిండాలు పాడైనవాళ్ళ ఎముకలు ఎందుకు మెత్తబడిపోతాయో అప్పుడు అర్థమైంది. వంటవాడు లేడు, బియ్యం ఎంత ఉండి ఏం లాభం? అందుకే ఇప్పుడు డాక్టర్లు అటువంటివాళ్ళలో అవసరమైనవాళ్ళకి వండిన అన్నాన్నే మాత్రగా ఇస్తారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎంతమందిని పట్టి పీడిస్తోందో మీరు వింటూనే ఉన్నారు. దానికి కారణం ఇదీ అని గట్టిగా తేలలేదు గానీ, ఆ ఇళ్ళల్లో ఒళ్ళు నొప్పులు, ఎముకల నొప్పులు అనేవాళ్ళ మాట తేలిగ్గా తీసుకోకూడదని మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక అసలు విషయం. ఆ వంటింట్లో ఉన్నది ఒక చెయ్యి కాదు, రెండు చేతులు. ఒకటి వండే చెయ్యి. రెండోది పారబోసే చెయ్యి. ఈ రెండోది కూడా ఎంజైమే. ఇది వండిన అన్నాన్ని పనికిరానిదిగా మార్చేసి బయటికి పంపేస్తుంది. అవసరమైతే బియ్యాన్ని కూడా పారబోస్తుంది. ఇదేదో దుర్మార్గమైన ఎంజైమనుకోకండి. అది లేకపోతే రక్తంలో కాల్షియం హద్దు మీరి, రాళ్ళు కట్టి, ప్రాణం మీదికొస్తుంది. (కార్యక్రమం అమ్మాయి అడిగిన రాళ్ళు ఇలా వచ్చాయి చూడండి!) ఏ చెయ్యి ఎంత పని చెయ్యాలన్నదే లెక్క.

ఆ లెక్క ఎలా తేలుతుంది? మన కణాల్లో జన్యువులున్నాయి. ఒక్కొక్క ఎంజైము తయారు చెయ్యడానికి ఒక్కొక్క జన్యువులో విధానం రాసి ఉంటుంది. విధానం ఎప్పుడూ ఉంటుంది గానీ, ఎంత ఎంజైము తయారు చెయ్యాలో పూట పూటకీ మారుతుంది. మామూలు రోజున ఇంట్లో ఒకరే వండుతారు. పెళ్ళంటే పదిమంది వంటవాళ్ళని పిలుస్తాం. పెళ్ళయ్యాక పంపేస్తాం. అలాగే ఒంట్లో కబుర్లు మోసే హార్మోనులు వచ్చి, "వండేవాళ్ళని ఎక్కువమందిని పిలవండి", "పారబోసేవాళ్ళని తగ్గించండి" అని చెబుతుంటాయి. మెడ దగ్గర పారాథైరాయిడ్ అనే చిన్న గ్రంథులున్నాయి. రక్తంలో కాల్షియం తగ్గగానే అవి ఈ కబురే పంపుతాయి.

ఈ కబుర్లలో ఆడవాళ్ళ హార్మోను ఈస్ట్రోజెన్‌కీ చెయ్యుందని మొదట బాగా చూపించినవి పక్షులు. ఆలోచించండి, కోడిపెట్ట ఒక గుడ్డు పెట్టాలంటే పెంకు కోసం దాదాపు రెండు గ్రాముల కాల్షియం కావాలి. ఇంచుమించు రోజూ పెడుతుంది కదా. ఇంత చిన్న ప్రాణికి అంత కాల్షియం ఎక్కణ్ణించి వస్తుంది? 1976లో అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డెలూకా బృందం వాళ్ళు కౌజు పిట్టల మీద ప్రయోగం చేశారు. మగ పిట్టలకి ఈస్ట్రోజెన్ ఇచ్చారు. వాటి మూత్రపిండాల్లో వండే ఎంజైము బాగా పెరిగింది, పారబోసే ఎంజైము తగ్గింది. గుడ్డు పెట్టని మగ పిట్ట వంటింట్లో కూడా పెళ్ళి సందడి మొదలైందన్న మాట.

అలాగని మనమూ కౌజు పిట్టలమే అనుకోకూడదు. మనుషుల్లో ఈ కబురు అంత తిన్నగా వెళ్ళదు. ఈస్ట్రోజెన్ మనలో చేసే ముఖ్యమైన పని ఎముకలోనే ఉంది. ఎముకను తినే కణాలుంటాయి, వాటికి పగ్గం వేసి ఉంచుతుంది. మూత్రపిండం మీద దాని ప్రభావం కొంత పారాథైరాయిడ్ ద్వారా, కొంత ఇతర దారుల్లో. అయినా 1980లో అమెరికాలో గుల్ల ఎముకల జబ్బున్న, బహిష్టులాగిన స్త్రీలకి ఈస్ట్రోజెన్ ఇచ్చి చూస్తే, రక్తంలో ఆ వండిన అన్నం పెరిగింది, పేగులు కాల్షియాన్ని ఎక్కువగా తీసుకున్నాయి. గర్భిణీ స్త్రీల రక్తంలో కూడా ఇది రెండింతలదాకా పెరుగుతుంది. బిడ్డ ఎముకలు కట్టుకోవాలి కదా.

ఇప్పుడు మా అత్తయ్య దగ్గరికి వద్దాం. మన దేశంలో బహిష్టులు ఆగే వయసు సగటున నలభై ఆరు, నలభై ఏడు. పాశ్చాత్య దేశాల స్త్రీల కన్నా నాలుగైదేళ్ళు ముందే. అంటే ఈస్ట్రోజెన్ కాపలా మనకి ముందే పోతుంది. ఆగిన తర్వాత మొదటి ఐదు నుంచి పదేళ్ళలోనే ఎముక వేగంగా తరిగిపోతుంది. యాభై నాలుగేళ్ళ మా అత్తయ్య సరిగ్గా ఆ ఏళ్ళలోనే ఉంది. సరే, అది అందరాడవాళ్ళకీ ఉన్నదే. అత్తయ్యకి ఇంకొక సంగతుంది. పొద్దుగూకగానే కల్లు. మా వైపు ఇది చాటుమాటు వ్యవహారం కాదు. పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఒక సీసా తాగితేగానీ ఒళ్ళు నొప్పులు తగ్గవంటుంది. ఒక సీసా కాలక్రమాన రెండు, రెండు కాస్తా మూడయ్యాయి.

ఆల్కహాలు వంటింట్లో ఏం చేస్తుంది? 2008లో అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రకటించారు. ఆడ ఎలుకలకి చాలా రోజులపాటు ఆహారంతో ఆల్కహాలు ఇచ్చి మూత్రపిండాలు పరీక్షించారు. పారబోసే ఎంజైము జన్యువు పని బాగా పెరిగిపోయింది. రక్తంలో వండిన అన్నం తగ్గిపోయింది. ఎందుకిలా అని మూత్రపిండ కణాలను విడిగా పెంచి చూశారు. ఆల్కహాలును విరగ్గొట్టే ఒక ఎంజైము కాలేయంలోనే కాదు, మూత్రపిండంలోనూ ఉంది. తాగుతున్నకొద్దీ ఇది పెరుగుతుంది. ఇది పని చేసేటప్పుడు పొయ్యిలోంచి నిప్పురవ్వలు ఎగిరినట్టు కణాన్ని కాల్చే పదార్థాలు పుడతాయి. ఆ రవ్వల సెగకి కణం లోపలి కబుర్లు తారుమారై, పారబోసేవాళ్ళని పిలవమన్న ఆజ్ఞ వెళుతోందని వాళ్ళు తేల్చారు.

అంటే ఎండ బోలెడు, బియ్యం బస్తాలకి బస్తాలు, వంటా అవుతూనే ఉంది. కానీ వండింది వండినట్టు తొట్లోకి పోతోంది. నా చిరిగిన పేజీ నాకు దొరికినట్టే అనిపించింది.

అనిపించింది అన్నాను, గమనించండి. ఎలుకలో జరిగింది మనిషిలో అచ్చంగా అలాగే జరుగుతుందని ప్రమాణం చెయ్యలేం. ఎక్కువగా తాగేవాళ్ళ ఎముకలు పాడవడానికి ఇంకా కారణాలున్నాయి. ఆల్కహాలు ఎముకను కట్టే కణాలనే నేరుగా దెబ్బ తీస్తుంది. తాగిన కాసేపటికి మూత్రంలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా పోతాయి. కాలేయం చెడితే బియ్యం మర కూడా ఆగిపోతుంది. కల్లు తాగి తిండి మానేసేవాళ్ళున్నారు. అన్నిటికీ మించి, మత్తులో కాలు తడబడుతుంది. గట్టి ఎముక కూడా పడితే విరుగుతుంది. పైగా మా వైపు దుకాణాల్లో అమ్మేదంతా చెట్టు కల్లు కాదు. నిద్రమాత్రల మందులు, క్లోరల్ హైడ్రేటు కలిపిన కల్తీ కల్లు ఎన్నిసార్లు పట్టుబడిందో పేపర్లలో చదువుతూనే ఉన్నాం. అది తాగిన మనిషి పొద్దున్న కూడా తూలుతుంది. కాబట్టి మా అత్తయ్య ఎముక విరగడానికి ఇదొక్కటే కారణమని నేను చెప్పను. చెబితే మంచి కథ అవుతుంది గానీ శాస్త్రం కాదు.

ఇంకొక వింత కూడా చెప్పాలి. 1991లో అమెరికాలోనే జరిగిన పరిశోధనలో, ఆడ ఎలుకలకి ఈస్ట్రోజెన్ ఇస్తే మూత్రపిండంలో ఆల్కహాలును మార్చే మరో ఎంజైము పెరిగిందని తేలింది. అంటే హార్మోనూ, మద్యమూ ఒకే వంటింట్లో, ఒకే పొయ్యి దగ్గర తిరుగుతున్నాయన్న మాట. ఎలుకల్లోనే, ఆల్కహాలుతో పాటు ఈస్ట్రోజెన్ ఇచ్చినప్పుడు ఎముక నష్టం చాలావరకు ఆగిందని తర్వాత చూపించారు. దీన్నిబట్టి నాకు తోచేదేమిటంటే, ఈస్ట్రోజెన్ కాపలా ఉన్న వయసులో తట్టుకున్న దెబ్బ, కాపలా పోయాక తట్టుకోలేం. ముప్ఫై ఏళ్ళప్పుడు తాగిన సీసా, యాభై ఏళ్ళప్పుడు తాగే సీసా ఒకటి కావు. ఆడదాని ఒంట్లో నీటి పాలు మగవాడి కన్నా తక్కువ కాబట్టి, ఒకే కొలత తాగినా మన రక్తంలో ఆల్కహాలు ఎక్కువగా చేరుతుంది. అందులోనూ సమానత్వం లేదు!

"అయితే ఆ ఈస్ట్రోజెన్ మాత్రలేవో వేసుకుంటే పోలేదా" అని మీలో ఎవరైనా అనుకోవచ్చు. తొందరపడకండి. 2002లో అమెరికాలో వేలాదిమంది స్త్రీలతో జరిపిన పెద్ద పరీక్షలో, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్రలు వాడినవాళ్ళకి తుంటి ఎముకలు విరగడం తగ్గింది. నిజమే. కానీ రొమ్ము కాన్సరు, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం ఎక్కువయ్యాయి. అందుచేత అది డాక్టరు మనిషిని చూసి, లాభనష్టాలు బేరీజు వేసి, చెప్పవలసిన మాట. పక్కింటావిడ వాడుతోందని మనం వాడేది కాదు.

కొందరు చదువుకున్నవాళ్ళు ఇంకో మాటంటారు. మితంగా వైన్ పుచ్చుకునే పెద్దవయసు స్త్రీల ఎముకలు, అసలు తాగనివాళ్ళ ఎముకల కన్నా కాస్త గట్టిగా ఉన్నట్టు పాశ్చాత్య దేశాల సర్వేలు కొన్ని చెప్పిన మాట వాస్తవమే. అయితే ఆ కొద్దిపాటి వైన్ తాగే ఆవిడ మంచి తిండి తిని, షికారు చేసి, డాక్టరుకి చూపించుకునే ఆవిడ కూడా అయి ఉండవచ్చు. వైన్ వల్లనా, తక్కిన వాటి వల్లనా? నాకైతే ఆ సర్వేలు చూసి గ్లాసు పట్టుకోవాలనిపించలేదు.

బాలింతల మాట ఒకటి చెప్పి తీరాలి. మన వైపు కొన్ని ఇళ్ళల్లో, బాలింతకి చలి చెయ్యకుండా, గర్భసంచి గట్టిపడుతుందనీ, రోజూ రెండు చెంచాల బ్రాందీ పడతారు. పెట్టేవాళ్ళు ప్రేమతోనే పెడతారు, అనుమానం లేదు. కానీ పాలిచ్చే రోజుల్లో ఆ అమ్మాయి ఒంట్లో ఈస్ట్రోజెన్ బాగా తక్కువగా ఉంటుంది. రోజూ రెండు మూడువందల మిల్లీగ్రాముల కాల్షియం పాలల్లో బిడ్డకి వెళుతుంది. అందులో కొంత తల్లి ఎముకల్లోంచే తీసి ఇస్తుంది ప్రకృతి. పాలు మాన్పించాక ఆ అప్పు మామూలుగా తీరిపోతుంది. అప్పు తీర్చుకోవలసిన సమయంలో ఎముక కట్టే కణాలని మత్తులో ముంచడం ఎందుకు? బ్రాందీ పాలల్లోకి కూడా వెళుతుంది. చలికి దుప్పటి ఉంది, మిరియాల చారు ఉంది.

మరి ఎండ సంగతేమిటి, అది అక్కర్లేదా అంటారేమో. అక్కర్లేకేం! వడ్లు లేకుండా వంట ఎక్కడిది? మన తిరుపతి వైద్య సంస్థ డాక్టర్లు 2007లో అచ్చువేసిన అధ్యయనంలో, ఇంత ఎండ కాసే మన ప్రాంతంలోనే ఆరోగ్యవంతులనుకున్నవాళ్ళలో విటమిన్ డి లోటు చాలా ఎక్కువగా ఉందని చూపించారు. పల్లెల్లో వాళ్ళ కన్నా పట్నవాసుల్లో లోటు ఎక్కువ. తిండిలో కాల్షియమూ చాలదు. మనం తినే గింజల్లోని ఫైటేట్ అనే పదార్థం ఆ ఉన్న కాల్షియాన్ని పట్టుకుని వదలదు. కాబట్టి పట్నంలో ఉన్న మీకు వడ్ల దగ్గరే కరువు. పల్లెలో ఉన్న అత్తయ్యకి వంటింట్లో నష్టం. ఎవరి చిల్లు ఎక్కడుందో వాళ్ళు చూసుకోవాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి వెయ్యి మిల్లీగ్రాముల కాల్షియం, బహిష్టులాగిన వాళ్ళకి పన్నెండువందలు కావాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు మూడువందల యాభై ఉంటుంది. మొలకెత్తించి పిండి పట్టిస్తే ఆ ఫైటేట్ కొంత తగ్గుతుంది. పాలు, పెరుగు, మునగాకు, ఎముకలతో సహా నమిలే చిన్న చేపలు, ఇవన్నీ మీకు తెలిసినవే. బహిష్టులాగి నాలుగైదేళ్ళయినవాళ్ళు, ఎత్తు తగ్గినట్టు, నడుం వంగినట్టు అనిపిస్తే డాక్టరుతో ఎముకల సాంద్రత పరీక్ష గురించి మాట్లాడండి. తాగే అలవాటుంటే ఆ మాట డాక్టరుకి దాచకుండా చెప్పండి. మనవాళ్ళు దాచేది అదే. రోజూ బాగా తాగేవాళ్ళు మాత్రం ఒక్కసారిగా సొంతంగా మానెయ్యవద్దు. వణుకు, మూర్ఛలు, కలవరింత వచ్చి ప్రమాదం జరగవచ్చు. కల్తీ కల్లుకు అలవాటు పడ్డవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. డాక్టరు సాయంతో మానాలి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. మరుసటి ఏడాది అక్టోబరు ఒకటిన రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. మగవాళ్ళ తాగుడు మన సంసారాలకి చేసే చేటు గురించి అంత ధైర్యంగా మాట్లాడిన వాళ్ళం, మన సొంత ముంత గురించి మాత్రం ఒకరికొకరం మాట్లాడుకోం. సిగ్గు. మా ఇంట్లోనూ అంతే. అత్తయ్య ఆసుపత్రిలో పడుకునేదాకా ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, అన్నీ చదువుకుని.

ఆపరేషన్ తర్వాత డాక్టరు ఆవిడని వారం రోజులు దగ్గరుంచుకుని కల్లు మాన్పించారు. కాల్షియం, విటమిన్ డి, ఎముకల మందు వాడింది. మూడు నెలలకి కర్ర పట్టుకుని నడిచింది. మధ్యలో రెండుసార్లు దుకాణానికి మనవణ్ణి పంపిందని తర్వాత తెలిసింది. నేను ఊరికెళ్ళినప్పుడు సాయంత్రం అదే వేళకి, అదే అరుగు మీద కూర్చుని రాగిజావ తాగుతోంది. "ఎట్లుంది అత్తమ్మా?" అనడిగాను.

"ఏముంటది బిడ్డా, దీన్ల ఉప్పు తక్కువేసింది నీ వదిన" అంది.